24 సీసాలూ ఉన్నాయి, కానీ ఒకటి ఆ పెట్టెది కాదట! ట్రేసింగ్ తెలిసినవాళ్లు సాయం చేయండి

లైన్ నంబర్ 3 | శుక్రవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదువుతూ పోవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు అవసరం పడింది.

హైదరాబాద్ శివారులో ఒక ట్యాబ్లెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగ్, డిస్పాచ్ చూస్తాను. మా లైన్ సరుకంతా అమెరికాకే. ప్రతి సీసా లేబుల్ మీదా చిన్న చదరపు కోడ్, అందులో ఆ సీసాకు మాత్రమే చెందిన సీరియల్ నంబర్ ఉంటాయి. 24 సీసాలు ఒక పెట్టెలో పడగానే పెట్టెకు 18 అంకెల నంబర్ స్టిక్కర్ వస్తుంది. ఏ సీసా ఏ పెట్టెలో ఉందో సిస్టమ్‌లో ముడి పడిపోతుంది. మేం దాన్ని అగ్రిగేషన్ అంటాం. సరుకు ఓడ ఎక్కేలోపే ఈ లిస్టంతా కొనేవాళ్ల కంప్యూటర్‌లోకి వెళ్లిపోతుంది.

సోమవారం అక్కడి హోల్‌సేలర్ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. విడిగా అమ్మడానికి ఒక పెట్టె విప్పి స్కాన్ చేస్తే, అందులో ఒక సీసా సీరియల్ మేం ఆ పెట్టెకు పంపిన లిస్టులో లేదు. లిస్టులో ఉన్న ఒక సీరియలేమో పెట్టెలో లేదు. లెక్క మాత్రం 24కి 24. పెట్టెను పక్కన పెట్టేసి, సంజాయిషీ ఇవ్వమన్నారు.

ఇక్కడ మా పెద్దసారు లోడింగ్ కుర్రాడి మీద పడ్డారు. ఆ ప్యాలెట్ (పెట్టెలు పేర్చే చెక్క పలక) ఎక్కించింది అతనే. కాంట్రాక్ట్ మనిషి. మూడు రోజులుగా పని ఇవ్వకుండా సెక్యూరిటీ గదిలో కూర్చోబెట్టి, రాసిందే మళ్లీ మళ్లీ రాయిస్తున్నారు. కానీ పెట్టె టేపు చెక్కుచెదరలేదని హోల్‌సేలరే ఫొటో పంపాడు. మరి లోపల సీసా ఎలా మారుతుంది?

నంబర్లు ఇవి: ███

(కాపలాదారు: బ్యాచ్ నంబర్, సీరియళ్లు నేనే తీసేశాను. తమ్ముడూ, ఉద్యోగం మీద ఆశ ఉంటే అలాంటివి ఇక్కడ పెట్టకు.)

గొలుసుకట్టు | రాత్రి 9:58

ఇందుకే బ్లాక్‌చెయిన్ కావాలి అనేది. ఒకసారి రాస్తే ఎవడూ మార్చలేడు. ఇంకా ఈ మెయిళ్లు, లిస్టులు ఏంటి బ్రో, 2010లో ఉన్నారా?

పాత బార్‌కోడ్ | రాత్రి 10:15

వచ్చాడండీ. ప్రతి చర్చలోనూ ఇదే మందు.

బాబూ గొలుసుకట్టూ, ఇక్కడ డేటాను ఎవరూ మార్చలేదు. మొదట ఎక్కినప్పుడే తప్పు ఎక్కింది. నీ గొలుసులో పెడితే ఆ తప్పు చెరిగిపోకుండా భద్రంగా ఉంటుంది, అంతే. ఓడల కంపెనీ మెర్స్క్, ఐబీఎం కలిసి 2018లో ట్రేడ్‌లెన్స్ అని ఓడ సరుకుల కోసం అచ్చం నువ్వు చెప్పేలాంటిదే పెట్టాయి. 2022 నవంబర్‌లో మూసేస్తున్నామని ప్రకటించారు. టెక్నాలజీ పనిచేయక కాదు. రంగంలో ఉన్న అందరూ ఒకే పుస్తకంలో రాయడానికి ఒప్పుకోకపోవడమే కారణమని వాళ్లే చెప్పుకున్నారు.

లైన్ నంబర్ 3, నీకు రెండు ప్రశ్నలు. ఒకటి, పెట్టెలో సర్దాక కెమెరా సీసాలను ఎక్కడినుంచి చదువుతుంది? లేబుల్ పక్కన ఉంటుంది కదా, పైనుంచి కనపడదు. రెండు, ఆ ఎక్కువ వచ్చిన సీరియల్ మీ సిస్టమ్‌లో ఏ పెట్టె కింద ఉంది?

డల్లాస్ మందులషాపు | రాత్రి 10:41

నేను ఇక్కడ టెక్సాస్‌లో ఫార్మసిస్టుని. హోల్‌సేలర్ ఎందుకంత బిగుసుకున్నాడో చెప్తాను.

ఇక్కడ 2013 నవంబర్‌లో ఒక చట్టం వచ్చింది. డీఎస్‌సీఎస్ఏ అంటారు. డాక్టరు చీటీ మీద అమ్మే ప్రతి మందు ప్యాక్‌కూ సీరియల్ ఉండాలి, సొంతదారు మారిన ప్రతిసారీ ఆ సమాచారం ఎలక్ట్రానిక్‌గా వెనకే రావాలి. పదేళ్ల గడువు ఇచ్చారు. ఆ తర్వాత ఇంకో ఏడాది. ఆపైన కూడా ఒక్కొక్కరికీ విడివిడిగా వాయిదాలు. తయారీదార్లకు 2025 మే 27, హోల్‌సేలర్లకు ఆగస్టు 27, పెద్ద ఫార్మసీలకు నవంబర్ 27. మాలాంటి చిన్న షాపులకు 2026 నవంబర్ 27 దాకా ఉంది. అంటే హోల్‌సేలర్ల వాయిదా అయిపోయింది. నిన్నటిదాకా చూసీచూడనట్టు వదిలేసిన తేడానే ఇవాళ వాళ్ల మెడకు చుట్టుకుంటుంది.

ఇంకో సంగతి. అనుమానం వచ్చిన సరుకును విడిగా పెట్టి విచారించాలి. నకిలీ అనో, దొంగ సరుకు అనో తేలితే 24 గంటల్లో ఎఫ్‌డీఏకు, అంటే ఇక్కడి మందుల నియంత్రణ సంస్థకు చెప్పాలి. లిస్టులో తేడా రాగానే నకిలీ అని కాదు. కానీ మీరు జవాబు నాన్చితే వాళ్ల బుర్రలోకి ముందు వచ్చేది ఆ మాటే. కాబట్టి "చూస్తున్నాం" అని కాకుండా, ఏం చూస్తున్నారో రాసి పంపండి.

క్యూఏ కళ్లద్దాలు | రాత్రి 11:05

డల్లాస్ గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఇంకొకటి కూడా. అవతలివాళ్లు ఫోన్ చేసి "డేటా సరిచేసి పంపేయండి చాలు" అంటారు. "సరే సార్" అని లిస్టులో నంబర్ మార్చి పంపకండి. సరుకు చూడకుండా లిస్టు మార్చడమంటే శవపరీక్ష చేయకుండా సర్టిఫికెట్ రాసినట్టు. ముందు డీవియేషన్ తెరవండి, అంటే తప్పు జరిగిందని రాసిపెట్టి విచారణ మొదలుపెట్టండి.

టిక్కీ రైతు | శనివారం ఉదయం 6:20

మీ మందుల గొడవ సగమే అర్థమైంది కానీ ఒక సందేహం. మాది పల్నాడు. మిర్చి గుంటూరు కోల్డ్ స్టోరేజీలో పెడతాం. టిక్కీకి (బస్తాకి) ఇంతని లెక్క, ఒక కాగితం బాండు ఇస్తారు. ఆ బాండు మీద అప్పు తెచ్చుకుంటాం. ఆ మధ్య మా ఊరాయన బాండు తీసుకుని వెళ్తే "ఈ లాటు మీద ఇప్పటికే లోన్ ఉంది" అన్నారంట. ఆయన తీసుకోలేదు! ఇలా ఎవరి చేతిలో ఏముందో తెలిసే ఏర్పాటు మాకు లేదా?

పాత బార్‌కోడ్ | ఉదయం 7:02

ఉంది పెద్దాయనా. గోదాముల చట్టం 2007లో వచ్చింది. దాన్ని చూసే డబ్ల్యూడీఆర్ఏ 2010లో పుట్టింది. 2017 నుంచి ఎలక్ట్రానిక్ రసీదులు ఇస్తున్నారు. షేర్లు డీమ్యాట్‌లో ఉన్నట్టు మీ సరుకు రసీదు కూడా ఒక రిపాజిటరీలో మీ ఖాతాలో ఉంటుంది. దేశంలో అలాంటివి రెండు ఉన్నాయి, నెర్ల్, సీసీఆర్ఎల్. బ్యాంకు అప్పు ఇస్తే ఆ రసీదు మీద తాకట్టు గుర్తు పడుతుంది. అది తీసేదాకా రెండో బ్యాంకుకు పెట్టడం కుదరదు, సరుకు విడిపించడమూ కుదరదు. మీ ఊరాయనకు జరిగింది సరిగ్గా దాంతో ఆగుతుంది.

కాకపోతే ఆ గోదాము డబ్ల్యూడీఆర్ఏ దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి. మీ కోల్డ్ స్టోరేజీ అయిందో లేదో అడగండి. అడిగితే మొహం చిట్లించారనుకోండి, అదే జవాబు.

టిక్కీ రైతు | ఉదయం 7:15

అయితే ఇక మోసం ఉండదన్నమాట.

పాత బార్‌కోడ్ | ఉదయం 7:31

అంత మాట అనను. ఒకే రసీదు రెండుచోట్ల తాకట్టు పడదు, అంతవరకే నా హామీ. గోదాములో అసలు సరుకు ఉందా, నంబర్ వన్ తేజా అని రాసి తాలుకాయ పెట్టారా అన్నది కంప్యూటర్‌కు ఎలా తెలుస్తుంది? వెళ్లి చూసే మనిషి నికార్సయినవాడైతేనే తెలుస్తుంది.

2013 గుర్తుందా? జూలై 31న నేషనల్ స్పాట్ ఎక్స్ఛేంజ్‌లో ట్రేడింగ్ ఆగిపోయింది. సుమారు 5,600 కోట్ల రూపాయల చెల్లింపులు నిలిచిపోయాయి. స్క్రీన్ మీద చక్కెర, ధాన్యం, నూనెగింజలు అన్నీ ఉన్నాయి. గోదాములకు వెళ్లి చూస్తే చాలాచోట్ల చెప్పినంత సరుకు లేదు. పేరుకు ఎలక్ట్రానిక్ మార్కెట్టే. తలుపు తీసి చూసిన నాథుడు లేడు.

డల్లాస్ మందులషాపు | ఉదయం 8:10

దీని తాత కథ మా దేశంలో ఉంది. 1963లో న్యూజెర్సీలో వంటనూనె ట్యాంకులు. గోదాము రసీదులు చూసి అప్పులిచ్చారు. ఇన్‌స్పెక్టరు పైనుంచి కొలబద్ద ముంచితే నూనే తగిలేది. పైన కాస్త నూనె, కింద నీళ్లు! అమెరికన్ ఎక్స్‌ప్రెస్ లాంటి సంస్థే ఆ దెబ్బకు ఊగిపోయింది.

ఇంకో ముఖ్యమైన మాట చెప్పడం మర్చిపోయాను. ఇక్కడి చట్టం సరుకు ఎవరిదని అడుగుతుంది, ఎవరి చేతిలో ఉందని అడగదు. సొంతదారు మారితేనే ఆ కాగితాలు నడవాలి. మధ్యలో గోదాము, ట్రక్కు, కొరియరు ఉంటారు కదా, సరుకు వాళ్ల చేతిలో వారం ఉన్నా ఈ గొలుసులో వాళ్ల పేరు రానక్కర్లేదు. యూరప్‌లో ఇంకో పద్ధతి. 2019 ఫిబ్రవరి 9 నుంచి కంపెనీ కోడ్‌ను డేటాబేస్‌లో ఎక్కిస్తుంది, మందు ఇచ్చేటప్పుడు ఫార్మసీ దాన్ని కొట్టేస్తుంది. మధ్యలో ఎవరెవరి చేతులు మారిందో పూర్తి చిట్టా ఉండదు. అదే కోడ్ రెండోసారి వస్తే మాత్రం గంట మోగుతుంది.

అన్నీ ట్రాక్ అండ్ ట్రేస్ అనే అంటాం కానీ ఒక్కొక్కటీ ఒక్కో ప్రశ్నకే జవాబిస్తుంది.

సందేహం శాస్త్రి | ఉదయం 8:44

మరి మన మందుల మీద కూడా క్యూఆర్ ఉంటోందిగా? మా నాన్నగారి షుగర్ మాత్రల అట్ట మీద స్కాన్ చేశాను, కంపెనీ పేరు, బ్యాచ్ అన్నీ వచ్చాయి. అంటే అసలుదేగా?

క్యూఏ కళ్లద్దాలు | ఉదయం 9:20

శాస్త్రిగారూ, 2023 ఆగస్టు 1 నుంచి 300 బ్రాండ్లకు అది తప్పనిసరి చేశారు. మందు పేరు, తయారుచేసినవారి చిరునామా, బ్యాచ్, తయారీ తేదీ, ఎక్స్‌పైరీ, లైసెన్స్ నంబర్ లాంటి వివరాలు కోడ్‌లో ఉండాలి. ఒక్కో అట్టకూ వేరే సీరియల్ ఉండాలని మాత్రం లేదు. ఒక అసలు అట్ట కొని ఆ కోడ్‌ను ఫొటో తీసి వెయ్యి అట్టల మీద ముద్రిస్తే, వెయ్యీ స్కాన్‌లో ఒకే జవాబు చెప్తాయి. స్కాన్ చేయడం మంచిదే. బిల్లు తీసుకోవడం, తెలిసిన షాపులో కొనడం అంతకన్నా మంచిది.

ఐస్‌బాక్స్ అక్క | మధ్యాహ్నం 1:35

నేను పీహెచ్‌సీలో టీకాలు చూస్తాను. మాకు ఈవిన్ యాప్ ఉంది. ఏ సెంటర్‌లో ఏ టీకా ఎన్ని డోసులు ఉన్నాయో జిల్లావాళ్లకు కనపడుతుంది. ఫ్రిజ్‌లో పెట్టిన సెన్సర్ 2 నుంచి 8 డిగ్రీలు దాటితే ఫోన్‌కు మెసేజ్ కొడుతుంది. రాత్రి రెండింటికి ఆ మెసేజ్ వచ్చి లేచి పరుగెత్తిన రోజులున్నాయి.

కానీ నిజం చెప్పాలంటే, సెషన్‌లో పిల్లలు ఏడుస్తుంటే ఏ వయల్ ఎప్పుడు తీశానో అక్కడికక్కడ ఎవరూ ఎక్కించరు. సాయంత్రం కూర్చుని పుస్తకం చూసి ఎక్కిస్తాం. ఆ నాలుగైదు గంటలూ యాప్‌లో ఉన్నదొకటి, నా బాక్సులో ఉన్నదొకటి. నాకు ఎక్కువ నమ్మకం వయల్ మీద ఉండే ఆ చిన్న బిళ్ల మీదే. గుండ్రం మధ్యలో తెల్ల చదరం ఉంటుంది. వేడి తగిలేకొద్దీ చదరం నల్లబడుతుంది. చుట్టూ ఉన్న గుండ్రం రంగుకు వచ్చేసిందంటే పారేయాలి. దానికి ఇంటర్‌నెట్ అక్కర్లేదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు. ఎవరి చేతిలో ఎంత ఎండకు ఉందో అంతా దాని ఒంటి మీదే ఉంటుంది.

పాత బార్‌కోడ్ | మధ్యాహ్నం 1:50

అక్కా, ఈ చర్చ మొత్తంలో పనికొచ్చే ముక్క ఇదే.

లైన్ నంబర్ 3 ఎక్కడ? ప్రశ్న వేసి మాయమయ్యాడు.

లైన్ నంబర్ 3 | రాత్రి 8:15

సారీ అన్నా, డ్యూటీలో ఫోన్ లోపలికి రానివ్వరు.

మీ మొదటి ప్రశ్న. పైనుంచి చదవడానికి మాకు హెల్పర్ కోడ్ ఉంటుంది. సీసా మూత మీద కంటికి కనపడని ఇంకుతో ఇంకో కోడ్ కొడతారు. యూవీ లైటు కిందే కనపడుతుంది. లేబుల్ అతికించే దగ్గర లేబుల్ సీరియల్‌నీ మూత కోడ్‌నీ జత కలుపుతుంది. పెట్టెలో 24 సర్దాక పై కెమెరా 24 మూతల్నీ ఒకే ఫొటోలో చదివి, వాటిని బట్టి లేబుల్ సీరియళ్లు రాసుకుంటుంది.

రెండో ప్రశ్న. చూశాను. ఆ ఎక్కువ వచ్చిన సీరియల్ మా సిస్టమ్‌లో 119వ పెట్టె కింద ఉంది. తేడా వచ్చింది 118లో.

పాత బార్‌కోడ్ | రాత్రి 8:22

పక్క పెట్టెలు! అయితే దొరికింది.

మూతలు మారాయి. సీసాలు కాదు. జత కలిపాక, పెట్టెలో పడే ముందు ఎవరో రెండు సీసాల మూతలు విప్పి, ఒకదానిది ఇంకొకదానికి బిగించారు. కెమెరా మూతను చూసి లిస్టు రాసింది. హోల్‌సేలర్ లేబుల్ చూసి చదివాడు. ఇద్దరూ నిజమే చెప్పారు.

బ్యాచ్ రికార్డులో ఆ టైముకి మూత బిగుతు పరీక్ష ఏమైనా ఉందేమో చూడు.

క్యూఏ కళ్లద్దాలు | రాత్రి 8:30

అయ్యో. టార్క్ చెక్! మూత కింద ఫాయిల్ సీల్ అలాగే ఉంటుంది కాబట్టి తీసి పెట్టినా బయటికి ఏమీ తెలియదు. కానీ ఎస్‌ఓపీ (రాసిపెట్టుకున్న పని పద్ధతి) ప్రకారం అలా పరీక్షించిన సీసాలు తిరిగి లైన్ మీదకు రాకూడదు. సిస్టమ్‌లో కొట్టేసి, రిజెక్షన్ బిన్‌లో వేయాలి.

లైన్ నంబర్ 3 | రాత్రి 8:52

ఉంది. ఆడిట్ ట్రెయిల్‌లో (సిస్టమ్ తనంతట తాను రాసుకునే చిట్టాలో) 118 మూసిన టైము 11:16, 119ది 11:18. బ్యాచ్ రికార్డులో టార్క్ చెక్ 11:15, 6 సీసాలు, ఫలితం ఓకే. రిజెక్షన్ లెక్కలో ఆ 6 లేవు.

అంటే తిరిగి లైన్ మీద పెట్టారు. సరుకు వృథా ఎందుకని అనుకుని ఉంటారు పాపం.

గొలుసుకట్టు | రాత్రి 8:57

ఒప్పుకుంటున్నా. దీనికి నా దగ్గర మందు లేదు.

డల్లాస్ మందులషాపు | రాత్రి 9:05

లైన్ నంబర్ 3 గారూ, ఇక ఊహగా ఉంచకండి. హోల్‌సేలర్‌కు రాయండి: "119వ పెట్టె మీ దగ్గరే ఉంటే విప్పి స్కాన్ చేయండి. 118లో లేదన్న సీరియల్ అందులో ఉండాలి." ముందే చెప్పి మరీ చూపించారనుకోండి, వాళ్ల అనుమానం సగం పోతుంది. అడిగాక కథ చెప్పడం వేరు, చూడకముందే చెప్పడం వేరు.

ఆ లోడింగ్ అబ్బాయిని ముందు ఆ గదిలోంచి బయటికి పంపించండి దయచేసి. దొంగ అయితే సీసా తీస్తాడు, ఇంకో సీసా తెచ్చి పెట్టి టేపు వేసి పోడు కదా.

టిక్కీ రైతు | రాత్రి 9:12

అదే నేనూ అనుకున్నా. మా దగ్గర దొంగ టిక్కీ మాయం చేస్తాడు కానీ వేరేవాడిది తెచ్చి పెట్టడు.

లైన్ నంబర్ 3 | బుధవారం రాత్రి 9:30

119 అదే ప్యాలెట్ మీద ఉంది. నిన్న విప్పారు. సీరియల్ దొరికింది. మేం రాసినట్టే ఒక్క అంకె తేడా లేకుండా.

రెండు పెట్టెలకూ సరిచేసిన లిస్టు పంపడానికి మా క్యూఏ (నాణ్యత విభాగం) ఒప్పుకుంది. డీవియేషన్ తెరిచారు. టార్క్ టేబుల్ పక్కన ఎర్ర బిన్ పెట్టారు, తాళం క్యూఏ దగ్గర. మూత విప్పిన సీసా ఆ బిన్‌లో పడాల్సిందే.

కుర్రాడిని మళ్లీ డ్యూటీలోకి తీసుకున్నారు. కూర్చోబెట్టిన రోజుల కూలి సంగతి ఇంకా తేలలేదు, అడుగుతున్నాను. వాడికి యూవీ టార్చి కింద మూత చూపించాను. నీలంగా చుక్కలు చుక్కలుగా మెరిసింది. కాసేపు తిప్పి తిప్పి చూసి "దీన్ని నేను ఇన్నాళ్లలో ఒక్కసారీ చూడలేదు సార్, దీనికోసమా నన్ను కూర్చోబెట్టింది" అన్నాడు. ఏం చెప్పాలో తోచలేదు.

టిక్కీ రైతు | రాత్రి 9:41

సంతోషం బాబూ. నేనూ కోల్డ్ స్టోరేజీలో ఆ ఎలక్ట్రానిక్ రసీదు గురించి అడిగాను. మొహం చిట్లించారు.

క్యూఏ కళ్లద్దాలు | రాత్రి 9:55

లైన్ నంబర్ 3, ఒక్కటి అడుగుతాను. టార్క్ చెక్‌కు తీసింది 6 సీసాలు. బయటపడ్డది 2. మిగతా నాలుగింటి మూతలు తమలో తాము మారినా, ఒకే పెట్టెలో పడితే లిస్టు సరిపోతుంది. అవి ఎవరికీ ఎప్పటికీ కనపడవు. డీవియేషన్‌లో ఎన్ని రాశావు?

లైన్ నంబర్ 3 | రాత్రి 10:02

6.